మూడు చిల్లుల బీరువా

వడ్రంగి మందు మానేసి ఐదు నెలలైంది. మానేసినవాడు కుదురుగా ఇంట్లో కూర్చోవచ్చుగా? కూర్చోడు. తాను చేసిచ్చిన చెక్క బీరువాలన్నిటికీ ఉచితంగా నూనె వేస్తానంటూ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. ఉచితం అనేసరికి జనం హడలిపోయారు. ఒకావిడైతే అతను వెళ్ళాక చెంచాలన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది.

అసలు సంగతి వేరు. తాగే రోజుల్లో ప్రతి బీరువాకూ అడుగున ఒక దొంగ పలక బిగించి, దాని కింద ఒక సీసా దాచేవాడు. తర్వాత ఏదో వంక పెట్టుకుని వెళ్ళి ఓ గుక్క వేసుకుని వచ్చేవాడు. ఎంత బుద్ధిమంతుడో చూడండి. ఇప్పుడు ఆ సీసాలన్నీ బయటికి తీసి పారబోస్తేగానీ తన మీద తనకు నమ్మకం కుదరదు. ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోది అక్క ఇంట్లో ఉంది.

అక్క ఆస్పత్రిలో నర్సు. జ్వరాన్నీ అబద్ధాన్నీ ఒకే చేత్తో పసిగడుతుంది. ఇంకోసారి సీసాతో కనబడితే నా గడప తొక్కొద్దని తమ్ముడికి ఎప్పుడో చెప్పేసింది. అతనికి మిగిలిన గడప అదొక్కటే. అందుకే ఆమె డ్యూటీలో ఉండే వేళ చూసుకుని మధ్యాహ్నం వెళ్ళాడు. తలుపు తీసింది అక్కే. డ్యూటీ మారిందట. ఖర్మ కాకపోతే ఏమిటి?

ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. అతను పై కీలుకి నూనె వేశాడు, కింది కీలుకి వేశాడు, మళ్ళీ పైదానికి వేశాడు. ఆమె కదిలితేగా.

"ఇంకాస్త పోస్తే ఆ తలుపు ఈత కొడుతుంది," అంది అక్క. "పలక ఎత్తరా. అక్కడే ఉంది."

అతను నూనె డబ్బా కింద పెట్టేశాడు. కిందటేడు ఇల్లు కడుగుతుంటే దొరికిందట. పారేస్తే ఇంకోటి కొనుక్కుంటాడని, వాడే వచ్చి తీసే రోజు చూద్దామని ఉన్నచోటే ఉంచిందట. అతనికి సిగ్గుతో చచ్చినంత పనైంది. సీసా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆమె అంతటితో వదల్లేదు. నీ బీరువాలకు బయట గడియ ఉండదు సరే, తలుపుకు కిందివైపు ఈ మూడు చిల్లులేమిటని అడిగింది. అదే ఫ్యాషనని ఊరందరినీ నమ్మించిన ఘనుడు, అక్క ముందు మాత్రం ఆ కోత కోయలేకపోయాడు. ఆరేళ్ళప్పుడు పక్క తడిపినందుకు నాన్న తనను బట్టల బీరువాలో పెట్టేవాడు. గాలి ఆడేది కాదు, అందుకని చిల్లులు. పెద్దయ్యాక కూడా ఆ చీకటి నిద్రపోనిచ్చేది కాదు, అందుకని మందు. నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట అలా చెప్పేశాడు.

అక్క ముఖం పాలిపోయింది.

"గడియ పెట్టింది నేనేరా," అంది. "నాన్న పెట్టమంటే పెట్టాను."

"తెలుసక్కా. గాజుల చప్పుడు వినబడేది."

ఆమె తల వంచుకుంది.

"తీసిందీ నువ్వేగా," అన్నాడు. "నాన్న అటు బయటికెళ్ళగానే. ఆ గాజుల చప్పుడు కోసమే లోపల చెవులప్పగించి కూర్చునేవాణ్ణి."

అక్క ఏడ్చింది. తనివితీరా ఏడ్చాక ముక్కు తుడుచుకుని, బట్టలన్నీ మంచం మీదికి విసిరి, యాభై ఏళ్ళ మనిషి మోకాళ్ళు ముడుచుకుని బీరువాలో దూరి తలుపు లాక్కుంది. తమ్ముడు లబలబలాడుతూ చిల్లుల దగ్గర బోర్లా పడ్డాడు.

సరిగ్గా అప్పుడే బావ ఇంటికొచ్చాడు. బావమరిది నేల మీద ఉన్నాడు, చేతిలో సీసా ఉంది, ఊపిరాడుతోందా అని బీరువాను అడుగుతున్నాడు.

"మళ్ళీ మొదలుపెట్టావా?" అన్నాడు బావ, పాపం, నీరుగారిపోతూ.

బీరువాలో గాజులు గలగలమన్నాయి.

"గాలి బాగానే ఆడుతోందిరా," అంది లోపలి గొంతు. "మోకాళ్ళే పట్టేశాయి. లేపు."

అక్కను లేపాలంటే రెండు చేతులూ కావాలి. తమ్ముడు సీసాను బావ చేతిలో పెట్టి, సింకులో పోసెయ్యమన్నాడు.