ఒప్పుకుంటే వదిలేస్తారు

స్కూలు నుంచి ఫోను వచ్చేసరికి బంగార్రాజు షెడ్డులో రైలింజను కింద పనిలో ఉన్నాడు.

"తేజస్వి ఫాదరేనా? వెంటనే రండి. మీ అమ్మాయి పెద్ద గొడవ చేసింది."

ఏం గొడవని అడిగేలోపు అవతల పెట్టేశారు. చేతుల గ్రీజు సగం తుడుచుకుని, షెడ్డు సూపర్‌వైజరుకి ఒక్క మాట చెప్పి స్కూటరెక్కాడు. మంగ్లాలో స్కూలు గేటు దాకా ఎక్కడా ఆగలేదు.

తేజస్వి తొమ్మిదో తరగతి. హాఫ్ ఇయర్లీలో లెక్కలూ సైన్సూ రెండూ పోయాయి. దీపావళి దగ్గర్నుంచి స్కూలువాళ్లు పిలుస్తూనే ఉన్నారు. "మీ పిల్లకి మా చదువు బరువవుతోంది, ఇంకెక్కడైనా చూసుకోండి" అని నవ్వుతూనే చెప్పేవారు. ట్యూషను పెట్టించానని బతిమాలుకుని అతను ప్రతిసారీ బయటపడేవాడు. పదో తరగతిలో అందరూ పాసయ్యారని గేటు మీద నిలువెత్తు బోర్డు. ఆ బోర్డుకి తన కూతురంటే భయమని బంగార్రాజుకి తెలుసు. పరీక్షలకింక నెలే ఉంది. అవి గట్టెక్కి పదిలోకి అడుగు పెడితే చాలు, తర్వాత కదపలేరు. ఇప్పుడు వెళ్లగొట్టారో, తొమ్మిది మధ్యలో ఆగిపోయిన పిల్లని పదిలో చేర్చుకునే స్కూలు ఊళ్లో దొరకదు.

ప్రిన్సిపాల్ గదిలో తేజస్వి గోడవారగా నిలబడి ఉంది. కళ్లు వాచిపోయాయి. ప్రిన్సిపాల్ మేడం అతన్ని కూర్చోమని మంచినీళ్లిప్పించింది. మర్యాద చూస్తేనే అతనికి చెమట పట్టింది.

"నిన్న పై వరండాలో ఎవరో మంటలార్పే సిలిండరు పిన్ను లాగేశారు," అందామె హిందీలో. "పొడి కమ్మేసింది. దారి కనపడక ఆరో క్లాసు పాప మెట్ల మీద పడిపోయింది. చెయ్యి విరిగింది. లాగింది మీ అమ్మాయే."

"నేను కాదు నాన్నా! నేను కింద లైబ్రరీలో ఉన్నాను!"

"కెమెరా ఉంటుంది కదా మేడం?" అన్నాడు బంగార్రాజు.

"అది పనిచెయ్యడం లేదు. చూసిన పిల్లలున్నారు. పేర్లు చెప్పకూడదు." ఆమె గొంతు తగ్గించింది. "పాప తండ్రి పోలీసుల దగ్గరికి వెళ్తానంటున్నాడు. నేనే ఆపాను. తప్పయిపోయిందని మీ అమ్మాయి రాసిస్తే విషయం ఇక్కడితో ఆగిపోతుంది. బయటికెళ్లి మాట్లాడుకోండి. తొందరేం లేదు."

బయట బెంచీకి ఆ చివర ఒక పెద్దమనిషి కొడుకుని పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనున్న బిల్హా ఊరి నుంచి లోకల్ రైల్లో వచ్చినట్టున్నాడు, మెళ్లో తువ్వాలు, చేతిలో టిఫిను సంచి. బంగార్రాజు కూతుర్ని ఈ చివరికి లాక్కొచ్చాడు.

"సూడమ్మా, ఒప్పీసుకో."

"ఏటి ఒప్పుకోవాలి? నేను చెయ్యలేదంటే!"

"సెయ్యలేదు సరే. షెడ్డులో ఏటవుతాదో నీకు తెల్దు. అమ్మన్న పెదనాన్న ఏటి సేసేడు? తప్పు నాది కాదని ఎంక్వైరీకెక్కేడు. గెలిచేడు. గెలిచేసరికి ప్రమోషను పోయింది, బీపీ ఒచ్చింది. మరి నానూ? ఎవుడో వొదిలీసిన బోల్టు నాదేనని సంతకం పెట్టీసేను. ఓ ఏడాది రైలు పాసులు కట్ సేసేరు. అయిపోయింది. మర్నాడు ఆ ఆఫీసరే నాకు చాయ్ పోయించేడు."

"ఇది షెడ్డు కాదు నాన్నా."

"ఎక్కడైనా అంతేనమ్మా. ఎదురు తిరిగినోడి మీదే కక్ష కడతారు. తలొంచీసినోణ్ణి వార్నింగిచ్చి వొదిలీస్తారు. నెల్రోజులే కదే బుజ్జీ!"

తేజస్వి అతని మొహంలోకి చూసింది. "నేను చేశాననుకుంటున్నావా?"

కాదని ఒక్క మాట చాలు. ఆ మాటంటే పిల్ల మళ్లీ మొండికేస్తుందని భయపడ్డాడు.

"రాసీ," అన్నాడు.

మేడం చెప్తుంటే తేజస్వి రాసింది. కింద బంగార్రాజు సంతకం చేశాడు. వైస్ ప్రిన్సిపాల్ దూబే కాగితాన్ని ఫోటో తీసుకుని సొరుగులో పెట్టాడు. అదే సొరుగులోంచి ఒక కవరు తీశాడు.

టీసీ. తేజస్వి పేరు అచ్చయి, సీలు పడి, సిద్ధంగా ఉంది.

"మేడం, ఇదేంటి? ఆగిపోతుందన్నారు కదా!"

"ఆగిపోయింది. పోలీసులు రారు." ఆమె నవ్వు చెక్కు చెదరలేదు. "చెయ్యి విరగ్గొట్టానని రాసిచ్చిన పిల్లని నేనెలా ఉంచుకోను? మిగతా తల్లిదండ్రులకేం చెప్పను? ఓపెన్ స్కూలుంది కదా, పరీక్ష రాయించండి."

బంగార్రాజు రెండు చేతులూ జోడించాడు. ఆమె కాళ్ల మీద పడబోయాడు. దూబే భుజం పట్టుకుని లేపి, మెత్తగానే తలుపు దాకా నడిపించాడు. బిల్హా ఆయన్నీ కొడుకునీ లోపలికి పిలిచాడు.

తలుపు పూర్తిగా పడలేదు. బంగార్రాజు అక్కడే ఆగాడు. లోపల్నుంచి ఆమె గొంతు వినపడింది.

"నిన్న పై వరండాలో ఎవరో మంటలార్పే సిలిండరు పిన్ను లాగేశారు..."

అదే గొంతు. అవే మాటలు. చివర్న, "లాగింది మీ అబ్బాయే."

బంగార్రాజు తలుపు తోసుకుని లోపలపడ్డాడు. "భయ్యా, ఒప్పుకోవద్దు! ఇప్పుడే నా కూతురి చేత కూడా ఇదే ఒప్పించారు! టీసీ ముందే కొట్టిపెట్టారు! ఒక్క పిన్ను ఎంతమంది లాగుతారు?"

బిల్హా ఆయన బిత్తరపోయి లేచాడు. కుర్రాడి మొహంలో ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. దూబే మేడం వైపు చూశాడు.

ఆమె మాత్రం తొణకలేదు. సొరుగు లాగి తేజస్వి కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"చూశారా?" అంది బిల్హా ఆయనతో. "ఒక పిల్ల ఒప్పేసుకుంది. అంటే ఇద్దరూ కలిసే చేశారన్నమాట. ఆ అమ్మాయి తండ్రే సంతకం పెట్టాడు. ఇంక మీరు కాదంటే పోలీసులు ఎవర్ని నమ్ముతారు?"

బిల్హా ఆయన కాగితం చూశాడు. బంగార్రాజుని చూశాడు. మెల్లగా కుర్చీలో కూలబడి కొడుకు వీపు మీద చెయ్యి వేశాడు. "లిఖ్ దే బేటా," అంటూ రాయమన్నట్టు పెన్ను కొడుకు చేతికిచ్చాడు.

వాచ్‌మన్ వచ్చి బంగార్రాజు రెక్క పట్టుకున్నాడు.

స్కూటరు మీద తేజస్వి వెనక్కి జరిగి కూర్చుంది. రోజూ భుజం పట్టుకునే పిల్ల, ఇప్పుడు వెనక కడ్డీ పట్టుకుంది. రైల్వే క్వార్టరు దాకా అలాగే వచ్చింది.

గుమ్మంలో భార్య తనూజ ఎదురొచ్చింది. "ఏటైంది? ఈ వేళప్పుడు ఒచ్చీసేరేటి? ఆ కవరేటి?"

బంగార్రాజు కవరు వెనక్కి పెట్టుకున్నాడు. "అదే... పిల్ల తప్పేం లేదు తనూజా, వాళ్లే..."

"నేనే చేశానమ్మా," అంది తేజస్వి.

తనూజ చెయ్యి ఆడింది. దెబ్బ వీధి చివరి దాకా వినపడేలా తగిలింది. తేజస్వి తల తిప్పుకోలేదు, ఏడవలేదు. "ఒక పాప చెయ్యి విరిగింది. నేనే చేశాను. నాన్నకి తెలుసు. సంతకం కూడా పెట్టాడు."

"అవునా?" తనూజ మొగుడి వైపు తిరిగింది. "మీరు సంతకం పెట్టేరా?"

"పెట్టేను గానీ..."

తేజస్వి అతన్ని దాటుకుని లోపలికెళ్లి యూనిఫాం టై విప్పి టీవీ మీద పడేసింది.