మార్తమ్మ మైకులో చెప్పిన మాట

రెండో విడత రాయి ఇంకా సగం కూడా ఎక్కలేదు. మార్తమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని బట్టీ మెట్లెక్కుతుండగా మేస్త్రి మీరా సాహెబ్ కిందనుంచి కేకేశాడు, ఓనరు గారు ఉన్నపళంగా రమ్మంటున్నారని. ఆ సున్నం బట్టీలో ఆమెది ఏడేళ్ళ చాకిరీ. ఓనరు పేరు పెట్టి పిలిపించడం ఇదే మొదలు.

"ఏందన్నా సంగతి?" అంది తట్ట దించుతూ.

"నాకేం తెలుసమ్మా. ఫోన్లో ఏందో విన్నాడంట. ఏదడిగినా తప్పైపోయిందను, అంతే," అన్నాడు మీరా సాహెబ్, ఆమె ముఖం చూడకుండా.

గదిలో ఓనరు ఏమీ అడగలేదు. బల్ల మీది ఫోను వేలితో నొక్కాడు. ఎవరో ప్రొఫెసరు గారి గొంతు, కుర్చీలు జరిపిన చప్పుడు, తర్వాత ఒక ఆడమనిషి.

"అందరికీ వందనాలు. నా పేరు మార్తమ్మ. మాది నడికుడి. నా భర్త యేసుపాదం. మేమిద్దరం సున్నం బట్టీలో పనిచేస్తాం..."

తన గొంతు తనకే పరాయిగా ఉంది.

పోయిన నెల యేసుపాదం దగ్గుకు మందుల కోసం ఇద్దరూ నరసరావుపేట వెళ్ళారు. డాక్టరు మూడింటికి గానీ రాడన్నారు. తమ చర్చికొచ్చే, విశ్వవిద్యాలయంలో చదువుకునే పిల్ల జాస్మిన్ ఆస్పత్రి దగ్గర ఎదురుపడింది. దుమ్ములో పనిచేసే వాళ్ళ ఊపిరితిత్తుల మీద తమ వాళ్ళు దగ్గర్లోనే సభ పెట్టారనీ, ఎండలో కూర్చునే కంటే వస్తే భోజనమైనా పెడతారనీ లాక్కెళ్ళింది. ఉపన్యాసం అయ్యాక ఎవరైనా మాట్లాడొచ్చని మైకు చేతికిచ్చారు.

మైకు చేతికొస్తే మార్తమ్మకు తెలిసిన పద్ధతి ఒక్కటే. చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు ముందు వందనాలు, తర్వాత పేరు, ఊరు, భర్త పేరు, ఆ పైన జరిగింది జరిగినట్టు. అలాగే చెప్పేసింది. హాల్లో ఉన్నది నలభై మంది. మైకు వెనక వరుసల వాళ్ళ కోసమే అనుకుంది, పిచ్చిది. సభలూ పాఠాలూ అన్నిటినీ విశ్వవిద్యాలయం వాళ్ళు రికార్డు చేసి పాడ్‌కాస్టు అని పెడతారు, ఫోనున్న ఎవరైనా పైసా ఖర్చు లేకుండా వినొచ్చు. ఆ సంగతి సభ మొదట్లోనే చెప్పారట. అప్పటికి వీళ్ళింకా ఆస్పత్రి వరండాలో ఉన్నారు.

ఫోను ఇంకా చెబుతూనే ఉంది. "మా బట్టీలో పనిచేసే ఆరోగ్యస్వామి బండి గుద్ది పోలేదయ్యా. ఆ పొద్దు పన్లోకొచ్చాడు. మెట్ల మీద నా ముందరే ఉన్నాడు. పైనుంచి పడ్డాడు. మోసుకెళ్ళి రోడ్డు పక్కన పండబెట్టారు. పోలీసులొస్తే, పన్లోకి రాలేదని చెప్పమన్నారు. అందరం చెప్పాం. నేనూ చెప్పా."

ఓనరు ఆపాడు. "పదకొండొందల మంది విన్నారు. తెలంగాణకి సున్నం తోలే లారీవోడు వింటా పోతన్నాడంట. నా బట్టీ సంగతి వాడు నాకు చెప్పాల్సొచ్చింది."

ఆయన అరవలేదు. అరిచినా కాస్త ధైర్యంగా ఉండేదేమో. మార్తమ్మ రోజు కూలి నాలుగొందల యాభై. దగ్గు పట్టుకున్నాక యేసుపాదాన్ని కాపలాకి మార్చి మూడొందలిస్తున్నారు. తలదాచుకునే రేకుల గది బట్టీవాళ్ళదే. ఆయన రేపట్నుంచి రావద్దంటే మూడూ ఒకే పూటలో పోతాయి.

"నిన్ను ఆ సభకి తీసుకుపోయిన పిల్లకి ఫోన్ చెయ్యి. ఎవరో చెప్పమంటే చెప్పాను, నిజం కాదు, తీసేయండని చెప్పు. స్పీకర్లో పెట్టు."

"అయ్యా, నాకు తెలవక..."

"తెలవక కాబట్టే ఊరుకుంటన్నా. మోసినోళ్ళలో నీ మొగుడు లేడూ? ఆ ముక్క చెప్పలేదేం? కదిలిస్తే ముందు లోపలికి పోయేది వాడే." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "సోమవారం లోపల అది పోవాల. ఆరోగ్యస్వామి పెళ్ళాం చిన్నారి ఇది పట్టుకుని నష్టపరిహారమంటా లేబరు ఆఫీసుకెక్కింది. వాడు పన్లోకి రాలేదని ముప్ఫై మంది చెబితే, నీ ఒక్కదాని గొంతు పట్టుకుని కూర్చుంది."

ఆ మాట ఆయన అనకుండా ఉండాల్సింది.

ఆరోగ్యస్వామి సమాధి దగ్గర చిన్నారి మార్తమ్మ చెయ్యి పట్టుకుని, "అక్కా, నువ్వు చూశావా?" అని అడిగింది. మార్తమ్మ తల అడ్డంగా ఊపింది. ఇద్దరాడపిల్లల్ని తీసుకుని చిన్నారి శావల్యాపురంలో పుట్టింటికి చేరి మిరపకాయలు కోస్తోందని విన్నాక, అటు వెళ్ళే బస్సు చూసినా మార్తమ్మకు సిగ్గేసేది. ఆ చిన్నారి ఇది విన్నదన్నమాట. అడిగినదానికి ఆర్నెల్లకు జవాబు అందిందన్నమాట.

రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. గుమ్మంలో నిలబడ్డ మీరా సాహెబ్ కళ్ళతోనే బతిమాలుతున్నాడు.

"చెప్పత్తా," అంది జాస్మిన్ అవతల నుంచి.

"నేను చెప్పింది తీసేయమంటన్నారమ్మా."

"ఎవరత్తా?"

"ఓనరు గారు. పక్కనే ఉన్నారు."

ఓనరు కుర్చీలోంచి సగం లేచాడు. మార్తమ్మకు భయం తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఇప్పుడు ఆగితే ఇక ఈ జన్మకు నోరు రాదని తెలిసి గబగబా అంది.

"తీయబాకమ్మా. నేను సగమే చెప్పా. ఇద్దరు మోశారు. కాళ్ళు పట్టుకున్నోడు మా ఆయనే. ఇది కూడా చెప్పాల. మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"

మీరా సాహెబ్ గుమ్మంలోనే కూలబడ్డాడు. ఓనరు చెయ్యి చాచి ఫోను ఇటిమ్మన్నాడు. మార్తమ్మ ఇవ్వలేదు.