దొరగారి ఎర్రకోటు

మా దొర కెప్టెన్ లాంగ్‌మోర్ పటాలం వదిలి నాలుగేళ్ళయినా ఎర్రకోటు మాత్రం వదల్లేదు. నూరు మంది సిపాయిలను నడిపినవాడికి నలభై గొర్రెలొక లెక్కా అనుకున్నాడు. గొర్రెలేమో ఆయన్ని బొత్తిగా లెక్కచేయలేదు.

మెత్తటి ఉన్ని కోసం ఓడలో తెప్పించిన స్పెయిన్ పొట్టేలు ఎండలకు చచ్చింది. ఖైదీలను ఓడల్లో తెచ్చి దింపే ఈ దక్షిణపు సీమలో ఆగస్టంటే చలికాలం; ఆ చలివానలో చివరి స్పెయిన్ గొర్రె ఈని, తెల్లవారేసరికి అదీ పోయింది. మిగిలింది దాని మగపిల్ల ఒక్కటే. అది కూడా పోతే పొలం అమ్మేసి పటాలానికి తిరిగిపోతానని దొర తెగేసి చెప్పాడు. సర్కారు ఆయన పొలం పనికి అప్పగించిన ఖైదీలం మేం. ఆయన పోతే నా మొగుడు కోర్‌మాక్ కాళ్ళకు గొలుసులతో రోడ్ల పనికి, నేను పరమట్టా ఊళ్ళో ఆడఖైదీల జైలుకు. మళ్ళీ ఒకరి మొహం ఒకరం చూస్తామా?

అదే పూట నాటు గొర్రె ఒకటి చచ్చిన పిల్లను ఈనింది. పొదుగు నిండా పాలు. దొర స్పెయిన్ పిల్లను తన కోటులో చుట్టి తెచ్చి దాని ముందు పెట్టాడు. అది వాసన చూసి ఒక్క కుమ్ము కుమ్మింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ కుమ్మింది.

"నిలబడు! కదిలావంటే ఊరుకోను!" అని గొర్రె మీద అరిచాడు.

నాకు ఒళ్ళు మండింది. "అరిస్తే పాలిస్తుందా దొరగారూ? ముందు పిల్ల మీంచి ఆ కోటు తీసెయ్యండి. నస్యం కంపు, తుపాకిమందు కంపు! ఏ తల్లి దగ్గరికి రానిస్తుంది?"

"నీకు నోరు ఎక్కువైంది, ఆనోరా."

"ఎక్కువే. మీ నడుముకున్న ఆ కత్తి ఇటివ్వండి."

కోటు తీసి కంచె మీద పడేశాను. చచ్చిన పిల్ల తోలు ఒలిచి, కాళ్ళు దూరేలా కన్నాలు పెట్టి, వణుకుతున్న పిల్లకు చొక్కాలా తొడిగాను. సొంతపిల్ల వాసన తగిలితే తల్లి రానిస్తుందని, మా పుట్టినసీమ కెర్రీలో మా నాన్న ఇలాగే చేసేవాడు.

దొర మొహం చిట్లించాడు. "ఇది ఆ తల్లిని మోసం చెయ్యడం కాదూ?"

"గజం ఉన్ని గుడ్డ ఎత్తుకెళ్ళానని మీవాళ్ళు నాకు ఏడేళ్ళ శిక్షేసి ఓడెక్కించారు. దీనికి ఎన్నేళ్ళేస్తారో వెయ్యండి. ఇప్పుడు మాత్రం కాస్త అవతలికి జరగండి బాబూ, అది బెదురుతోంది."

గొర్రె వచ్చింది. పిల్ల తోక దగ్గర వాసన చూసింది. గొర్రె మళ్ళీ వాసన చూసి, గొంతులో సన్నగా గురగురమంది. పిల్ల తడుముకుంటూ పొదుగు కిందికి దూరింది. కాసేపటికి దాని తోక ఆడింది.

హమ్మయ్య! బురదలోనే కూలబడ్డాను. కంచె అవతల నిలబడి చూస్తున్న కోర్‌మాక్ పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు. దొర అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

కోటు తెచ్చి ఇస్తే ఆయన తీసుకోలేదు.

"ఈ వాన ఇప్పట్లో తగ్గేలా లేదు. ఇంకా ఈనాల్సినవి చాలా ఉన్నాయి. దాన్ని ఉతికి, పుట్టబోయే పిల్లలకు చొక్కాలు కుట్టు," అన్నాడు.

"బొత్తాలు?"

"మీ ఆయనకిచ్చుకో."

ఉతకడం సంగతి తరవాత. ఆయన మనసు మారకముందే ఇంట్లోకి పరుగెత్తి, కత్తెర తీసి, ముందు ఆ కోటు చేతులు రెండూ కత్తిరించి పారేశాను. ఇక ఏ పటాలానికి పోతాడో పొమ్మనండి!