నూటికి ఎనిమిది

జొన్నరొట్టె పెనం మీద వేసి ఇంకా తిప్పలేదు, నరేశ్ తన ఫోన్ తెచ్చి పిండి పళ్లెం పక్కన పెట్టాడు.

"గోపాల్ డాక్టర్ గ్రూపుల ఏదో అడిగిండు. మంచిగ జవాబు రాయి. నేను తానం చేసొస్త," అని వెళ్లిపోయాడు.

పిండి చేతులు కొంగుకు తుడుచుకుని రాయడం మొదలుపెట్టాను.

నా భర్తకు కరీంనగర్ దగ్గర గ్రానైట్ క్వారీ ఉంది. రెండేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. ముందు రెండు సీట్లు, వెనక పిల్లలకు మాత్రమే సరిపోయే ఇంకో రెండు. అలాంటి కార్లున్న మగవాళ్లు ఇరవై మంది కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. అక్కడ ఎప్పటికీ తెగని చర్చ ఒకటుంది. ఆ కార్లకు వెనక భాగంలో ఉండే ఇంజిన్‌లో ఒక చిన్న బేరింగ్ ఉంటుంది. అది ఎప్పుడు పగులుతుందో తెలియదు. పగిలితే ఆ ఇనుప ముక్కలు నూనెతో పాటు ఇంజినంతా తిరిగి దాన్ని లోపలి నుంచి చీరేస్తాయి. నూటికి ఎనిమిది కార్లకు అలా అవుతుందని వాళ్ల లెక్క. ఇంజిన్ దింపి ముందే మార్పించుకోవాలా, మనకేం కాదులే అని నడుపుకోవాలా? నూటికి తొంభై రెండు మంది బతికే ఆపరేషన్ అయితే తాను కళ్లు మూసుకుని చేస్తానని డాక్టర్ గోపాల్ రాశాడు. అందరూ దానికి దండం బొమ్మలు పెట్టారు.

ఆ గ్రూపులో నరేశ్ పేరుతో వచ్చే మాటలన్నీ నావే. నేను బీటెక్ మెకానికల్ చదివి, పాలిటెక్నిక్‌లో నాలుగేళ్లు పాఠాలు చెప్పాను. మగపిల్లలకు ఇంజిన్ల సంగతి ఆడదానివి నువ్వు చెప్పుడేందని పెళ్లయిన ఆరో నెలలో నాతో రాజీనామా రాయించాడు. ఇప్పుడు అదే ఇంజిన్ల సంగతి తన పేరుతో నాతో రాయించుకుంటాడు. "నరేశన్నకు తెల్వని ముచ్చట లేదు" అని ఎవరైనా మెచ్చుకుంటే, అన్నం తింటూ నాకే చదివి వినిపిస్తాడు. అది రాసింది నేనని అతనికి నిజంగానే గుర్తుండదు. మొదట్లో నవ్వొచ్చేది. పోయిన ఎండాకాలం వాళ్లలో నలుగురు మా ఇంటికి భోజనానికి వచ్చారు. కూర వడ్డిస్తుంటే డాక్టర్ ఆ బేరింగ్ గురించి ఏదో అడిగాడు, నరేశ్ తడుముకున్నాడు, నా నోటి నుంచి జవాబు వచ్చేసింది. వాళ్ల కార్లు గేటు దాటగానే స్టీలు పళ్లెం తీసి అంచుతో నా కనుబొమ్మ మీద కొట్టాడు. "నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తవానె," అన్నాడు. మా అత్త కమలవ్వ పసుపు అద్ది, గుడ్డ కట్టింది. "మొగోని మాటకు అడ్డమొచ్చినంక ఏడిస్తే ఏం లాభం బిడ్డా. జర నోరు అదుపుల వెట్టుకో," అంది. మూడు కుట్లు పడ్డాయి. ఆ మర్నాడు గ్రూపులో మళ్లీ నేనే రాశాను.

శుక్రవారం కారుకు నూనె మార్పించమని నన్ను పంపాడు. ముకర్రం చాచా మెకానిక్. నన్ను బేటీ అని పిలుస్తాడు. పాత నూనె ఫిల్టర్‌ను కోసి చూద్దామని అడిగాను. కోసి, లోపలి కాగితాన్ని ఎండలో పరిచాడు. మడతల్లో సన్నటి రజను మెరిసింది. అయస్కాంతం దగ్గరికి తెస్తే లేచి అతుక్కుంది.

చాచా అయస్కాంతాన్ని పక్కన పెట్టాడు. "బేటీ, బేరింగ్ పోతుంది. గీ బండిని రోడ్డు మీదికి తియ్యొద్దు. సార్‌కు నేన్ జెప్పాల్నా?"

"నేనే చెప్త చాచా," అన్నాను.

ఆ ఆదివారమే ఎనిమిది కార్లు జన్నారం అడవి దాకా పోవాలని పెట్టుకున్నారు. నరేశ్ కొత్త టీషర్ట్ కూడా కొనుక్కున్నాడు. ఫిల్టర్ కాగితం అతని ముందు పరిచి చూపించాను.

"నూటికి ఎనిమిదే కదనె," అన్నాడు.

"గా లెక్క ముక్కలు కనవడని కార్లకు. మన దాంట్ల కనవడ్డయ్."

"అంటే నాకు తెల్వది. నీకు, గా సాయబుకు తెలుసు."

"తెలుసుడు కాదు, కండ్ల ముంగటున్నది..."

మాట పూర్తి కాలేదు. నా జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచాడు. ఆ నూనె కాగితాన్ని ఉండ చేసి నా నోట్లో కుక్కాడు. "తిను. గిదే కద నీ సాక్ష్యం, తిను," అంటూ దవడ నొక్కి పట్టాడు. కాలిన నూనె గొంతులోకి దిగింది. రజను పళ్ల మధ్య కరకరలాడింది. వదిలాక వాంతి చేసుకుంటుంటే వెనక నిలబడి అన్నాడు, "భవ్యను గూడ ఎన్క సీట్ల కూసోవెట్టుకొని పోత. ఏమైతదో సూస్త."

భవ్యశ్రీ మా బిడ్డ. ఎనిమిదేళ్లు. శనివారమంతా నోరు కడుక్కుంటూనే ఉన్నాను, నాలుక మీద ఇనుము రుచి పోలేదు. కారు తాళం దాచాలనుకున్నాను. దాస్తే ఏమవుతుందో తెలుసు. పోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఇవాళ కొట్టడేమో, ఇవాళ మంచిగానే ఉన్నాడు కదా అని పదేళ్లుగా ప్రతి పొద్దునా లెక్క వేసుకునే మనిషిని నేను. ఆ గ్రూపులో మగవాళ్లను తప్పుపట్టే మొహం నాకెక్కడిది? ఆదివారం పొద్దున నేనూ కారెక్కాను. నేనెక్కకపోతే బిడ్డ ఒక్కతే ఉంటుంది.

రాయపట్నం వంతెన మీద గోదావరి దాటేదాకా ఏమీ కాలేదు. "ఏమైందే నీ బేరింగు?" అని రెండుసార్లు అడిగాడు. వంతెన దాటాక ముందున్న కారును అందుకోవాలని వేగం పెంచాడు. వెనక నుంచి డబ్బాలో రాళ్లు కుదిపినట్టు చప్పుడు వచ్చింది. "తీయ్, కాలు తీయ్," అని అరిచాను. ఇంకా గట్టిగా తొక్కాడు. ఏదో ఫట్టున పగిలింది. వెనక చక్రాలు బిగుసుకుపోయి కారు అడ్డంగా తిరిగింది. ఎదురుగా లారీ. జానెడు దూరంలో లారీ పక్క నుంచి పోయింది. కారు రోడ్డు దిగి తుమ్మ చెట్టుకు గుద్దుకుని ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే భవ్య మొహం నిండా రక్తం. ముందు సీటుకు ముక్కు కొట్టుకుంది. బిడ్డను బయటికి లాగి గట్టు మీద కూర్చోబెట్టి, నా చున్నీ ముక్కుకు అదిమి పట్టాను.

మిగతా ఏడు కార్లు ఆగాయి. అందరూ దిగి వచ్చి ఇంజిన్ చుట్టూ నిలబడ్డారు. నేల మీద కారుతున్న నూనెను డాక్టర్ గోపాల్ వేలితో తీసి, ఎండకు పెట్టి చూశాడు. పది అడుగుల దూరంలో నా బిడ్డ ముక్కు నుంచి రక్తం కారుతోంది.

"ఫిల్టర్ కోసి సూసినవా నరేశన్నా?" అని అడిగాడు.

"సూసిన. ఏం లేకుండె."

"ఉండె," అన్నాను. "శుక్రవారమే సూపెట్టిన. నా నోట్లె కుక్కిండు."

నరేశ్ వచ్చి నా పొట్టలో తన్నాడు. బిడ్డ మీద పడకుండా పక్కకు ఒరిగాను. జుట్టు పట్టి లేపి చెంప మీద కొట్టాడు, మళ్లీ కొట్టాడు, కంకర మీద పడ్డాక వీపు మీద బూటుతో తొక్కాడు. "నీ నోరే తాకిందే నా బండికి," అన్నాడు. భవ్య ఏడుపు ఆపి చూస్తోంది. నేలకు ఆనిన కంటితో నాకు ఏడు జతల బూట్లు కనిపించాయి. ఒక్క జత కూడా మా వైపు తిరగలేదు. "అన్నా, ఇంట్ల సూస్కోరాదె," అని ఒకరెవరో ఇంజిన్ వైపు చూస్తూనే అన్నారు.

అతను ఆయాసపడి ఆగాడు. నేను లేచి నిలబడ్డాను. ఏడవలేదు, తిట్టలేదు. భవ్య చెయ్యి పట్టుకుని రోడ్డెక్కి, పత్తి మూటలతో వస్తున్న ట్రాలీ ఆటోకు చెయ్యెత్తాను. "యాడికే?" అని వెనక నుంచి అరిచాడు. ఆటో నడిపే మనిషి నన్ను చూశాడు, బిడ్డను చూశాడు, ఏమీ అడగకుండా ముందు సీటు ఖాళీ చేశాడు. "లక్సెట్టిపేట ఠాణకు," అన్నాను.

స్టేషన్‌లో మహిళా కానిస్టేబుల్ ముందు బిడ్డకు నీళ్లు ఇచ్చింది. తర్వాత కాగితం ముందు పెట్టుకుని నేను చెప్పింది రాయసాగింది. పళ్లెం దగ్గర మొదలుపెట్టి చెప్పాను. సగం కాకముందే నా ఫోన్ మోగింది. కమలవ్వ.

"యాడున్నవ్?" అంది.

"లక్సెట్టిపేట ఠాణల ఉన్న అత్తమ్మా."

"వాడు ఫోన్ జేసిండు. పొల్లకెట్లున్నది?"

"ముక్కుల రక్తమొచ్చింది. ఆగింది. దవాఖానకు తీస్కపోత." ఆమె ఏం అనబోతుందో నాకు తెలుసనుకుని ముందే అన్నాను, "నేను కేసు వాపస్ తీస్కోను అత్తమ్మా. నువ్వేం జెప్పినా తీస్కోను."



"తీస్కొమ్మని ఎవలన్నరు," అంది. "గా పోలీసమ్మకు ఫోనియ్యి."

"ఏం జెప్తవ్?"

"పోయిన బోనాలప్పుడు బండల మీద జారి నా చెయ్యి ఇరిగిందని అందరికి అవద్దం జెప్పిన. నూకింది వాడే. గది గూడ రాసుకొమ్మని జెప్త."