కుడికాలి బ్రేకు

బతుకంతా యాత్రల బస్సు తోలి రిటైరైన మనిషికి, విశ్రాంతి పేరుతో మళ్ళీ బస్సు యాత్రే రాసిపెట్టి ఉంది. ఈసారైనా వెనక సీట్లో హాయిగా కూర్చుని రమ్మని భార్య పట్టుబట్టింది. వాదించే ఓపిక లేక సరేనన్నాడు.

దారిలోని పాత గుళ్ళ ఊళ్ళన్నీ అతనికి కొట్టిన పిండే, కాకపోతే బస్సు ఆగే చోటు వరకే.

"ఈ గుళ్ళో ఏముంటుందండీ?" అని ఆవిడ అడిగింది.

"నాకేం తెలుసు? బయట చెట్టు కింద మాత్రం మంచి నిద్ర పడుతుంది."

ఘాట్ రోడ్డు మొదలయ్యాక అసలు పాట్లు వచ్చాయి. మలుపు మలుపుకీ అతని కుడికాలు అక్కడ లేని బ్రేకును తొక్కుతోంది.

"కాసేపు ఆ కొండలు చూడండి. మంచు ఎంత బాగుందో."

"మంచులో ఎదురుగా లారీ వస్తే?"

"డ్రైవరు చూసుకుంటాడులెండి."

"వాడు రోడ్డు చూస్తున్నాడని నీకెవరు చెప్పారు?"

పైకి చేరేసరికి పిక్క పట్టేసింది, ఒళ్ళు హూనమైంది. అందరూ లోయ చూడ్డానికి దిగితే అతను సీట్లోనే ఒరిగి కళ్ళు మూసుకున్నాడు. భార్య లేపబోయింది. డ్రైవరు వారించడం సగం నిద్రలో వినబడింది.

"పడుకోనివ్వండక్కా. ఘాటంతా తోలింది ఆయనే. పైకొచ్చేదాకా అద్దంలో ఆయన్నే చూస్తూ వచ్చాను, నవ్వాపుకోలేక చచ్చాను."

అతని నిద్ర ఎగిరిపోయింది. మూలుగుతూ లేచి, కుంటుకుంటూ వెళ్ళి డ్రైవరు వెనకే ఉన్న సీట్లో కూర్చున్నాడు. కొండ దిగే దారి ఇంకా మిగిలే ఉంది.