ముందే పూసిన గురుగు

ఈశ్వరప్ప అనంతపురంలోని ఒక కాలేజీలో వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటరు. 1959 ఆగస్టు చివర్లో, విద్యార్థులకు చూపించడానికి కలుపు మొక్కలు సేకరిద్దామని సైకిలెక్కి కళ్యాణదుర్గం దారి పట్టాడు. ఎనిమిది మైళ్లు తొక్కాక దారి పక్కన ఓబులేసు అనే రైతు శెనక్కాయ చేలో పదిమంది ఆడవాళ్లు కలుపు తీస్తూ కనిపించారు. గట్టు దిగి, గునుగు అని కూడా పిలిచే ఒక గురుగు మొక్కను పెరకబోతుంటే, దగ్గర్లో వంగి ఉన్న ఒకామె తలెత్తింది. ఆమె పేరు చౌడమ్మ.

"ఏ గురుగు కావల్లయ్యోరా నీకు?"

"ఏ గురుగేందక్కా? గురుగంతా ఒకటే గదా."

"ఒకటెట్లవుతాది? ఇది చేని గురుగు. ఆ మిట్ట మీదుండేది బీడు గురుగు. పోయి చూడు."

వెళ్లి చూశాడు. చేలోని గురుగు జానెడు ఎత్తు కూడా లేదు, అయినా అప్పుడే కంకులు మాగి, ముట్టుకుంటే నల్లని సన్న గింజలు రాలుతున్నాయి. యాభై గజాల అవతల బీడులో అదే వానకు మొలిచిన గురుగు మోకాలు దాటి పెరిగింది. కంకులు ఇప్పుడిప్పుడే తొంగిచూస్తున్నాయి.

"నేను ఈ చేనికి కలుపుకొచ్చిన కొత్తలో ఇదీ అంతెత్తే ఉండె," అంది చౌడమ్మ. "పీకిందంతా కూరాకుకు ఇంటికి తీసకపోతాంటిమి. ఇప్పుడు ఆకేదీ? అంతా కంకే."

"ఎన్నేండ్ల మాట?"

"ఈ చేను బీడుగా ఉంటే ఓబులేసన్న నాయన దున్నించిన ఏడే నా పెండ్లయింది. ఇరవై రెండేండ్లు."

చేలో సారం తగ్గి ఉంటుంది, అందుకే మొక్క గిడసబారింది అన్నాడు ఈశ్వరప్ప. చౌడమ్మ నవ్వింది.

"మిట్ట మీద మాత్రం ఏం సారముండాది? రాళ్లే గదా. రెండిటి గింజా తీసకపోయి ఒకే మట్టిలో ఏసి చూడు."

ఆరేళ్లుగా పాఠాలు చెబుతున్న ఈశ్వరప్పకు ఆ మాట గుచ్చుకుంది. రెండు కాగితం పొట్లాల్లో గింజలు వేరువేరుగా కట్టుకుని తిరిగి వచ్చాడు.

మరుసటి ఏడాది జూలైలో కాలేజీ వెనక ఇరవై కిరసనాయిలు డబ్బాల్లో ఒకే మట్టి నింపి, పదింట్లో చేని గింజ, పదింట్లో బీడు గింజ వేశాడు. రోజూ లెక్కగా నీళ్లు పోశాడు. చేని గురుగు ఇరవై తొమ్మిదో రోజున కంకి వేసింది. బీడు గురుగు నలభై ఆరో రోజుదాకా వేయలేదు. ఆ రాత్రి అతనికి సరిగా నిద్రపట్టలేదు. ఒకే మట్టి, ఒకే నీరు. తేడా గింజలోనే ఉంది.

శాఖాధిపతి జయరాముడు ఈ లెక్కలు రాసిన కాగితం చూసి కళ్లద్దాలు తీశాడు.

"తొందరపడొద్దు ఈశ్వరప్పా. ఒక జాతి మారాలంటే వేల ఏండ్లు పడుతుందని చదువుకున్నాం. నీ చేని గింజ, ఎండకు మాడిన తల్లి పెట్టిన గింజ. తల్లి పడిన కష్టం ఒక తరం దాకా పిల్లలో కనపడొచ్చు. ఇక్కడ మాగిన గింజతో ఇంకో తరం పెంచు, అప్పుడు మాట్లాడదాం."

న్యాయమైన మాటే. కానీ 1961లో డబ్బాల్లోంచి వచ్చిన మొక్కలు అతన్ని తికమక పెట్టాయి. చేని వరసలో కొన్ని ముప్పైకి, కొన్ని నలభైకి పూశాయి. బీడు వరసలోనూ అదే గందరగోళం. దిగులుగా చేనికి వెళ్లి చౌడమ్మకు చెప్పాడు.

"అన్నీ కలగలిసి పూసినాయక్కా. నేననుకున్నదంతా తప్పేమో."

"డబ్బాలు యాడ పెట్టినావు?"

"పక్కపక్కనే."

"పక్కపక్కనే పెడితే తేనీగలు ఊరికుంటాయా? దీని మీదికెళ్లి దాని మీదికి పోవా?"

పరాగ సంపర్కం పాఠం ఏటా చెప్పేవాడే ఈశ్వరప్ప. సిగ్గుపడి, తర్వాత ఆమెతోపాటు తనూ నవ్వేశాడు.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. కొత్తగా గింజలు తెచ్చి 1962లో విత్తాడు. భార్య యశోదమ్మ అతని పాత పంచెలు చించి చిన్న చిన్న సంచులు కుట్టింది. ప్రతి కంకికీ విచ్చకముందే ఒక సంచి తొడిగాడు. ఆ గింజలతో మరుసటి ఏడాది రెండో తరం లేచింది. చేనిది ముప్పైయో రోజు, బీడుది నలభై ఐదో రోజు. జయరాముడు స్వయంగా వచ్చి ఒక్కొక్క డబ్బా దగ్గరా వంగి చూశాడు.

"ఇరవై ఐదేండ్లలోనా?" అన్నాడు.

"ఇరవై ఐదు తరాలు సార్. ఏడాదికి ఒకటి."

ఆ ఆదివారమే ఈశ్వరప్ప చౌడమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. విషయం విని చాట పక్కన పెట్టింది.

"అయితే ఎందుకట్ల మారినట్టు?"

"మీరు కలుపు ఎప్పుడు తీస్తారు?"

"నలభై ఐదు దినాలకు ఒకే తూరి. కాయ పట్టే ఊడలు మట్టిలోకి దిగినంక చేన్లో కాలు పెట్టకూడదు గదా."

లోపల ఏదో లెక్క నడుస్తున్నట్టు ఆమె వేళ్లు కదిలాయి.

"అంటే ఆలస్యంగా పూసేదాన్నంతా గింజ పెట్టకముందే మేం పీకేసినాం. ముందు పూసినది అప్పటికే రాల్చేసింది. అంతేనా? పీకేటప్పుడు దులిపి దులిపి మేమే దాని గింజ చల్లినట్టయింది గదయ్యోరా!"

"అంతే అక్కా."

"మరి ఇరవై దినాలకే పీకితే?"

"ఇంకా ముందు పూస్తాదేమో."

"యాడిదాంక? మొలకలోనే పూస్తాదా?"

అది చేలోనే చూడాలన్నాడు ఈశ్వరప్ప. ఇద్దరూ కలిసి ఓబులేసు దగ్గరికి వెళ్లారు. చేను అంచున పది సాళ్లలో నలభై ఐదో రోజుకు బదులు ఇరవయ్యో రోజున ఒక్కసారే కలుపు తీస్తామని, మిగతా చేను ఎప్పటిలాగే ఉండనిమ్మని అడిగారు. ఓబులేసుకు ఇది పనిలేని పనిగా తోచింది.

"ఏమప్పా, గడ్డి పూసే దినాలు లెక్క పెట్టేదానికి జీతమిస్తారా నీకు?" అన్నాడు. అయినా సాళ్లు ఇచ్చాడు.

1964లో మొదలైంది. అరవై ఐదులో వానలు ఎగ్గొట్టి చేనే సరిగా లేవలేదు. ఆ ఏడు పది సాళ్లలో దొరికిన గురుగు మొక్కలు పదకొండు. అయినా చౌడమ్మ ఇరవయ్యో రోజు తప్పలేదు. అరవై ఆరులోనూ, అరవై ఏడులోనూ ముప్పైయో రోజుకు ముందు ఒక్క మొక్కా కంకి వేయలేదు. ముందు పూయడం అక్కడితో ఆగిపోయిందని ఈశ్వరప్ప నోటుబుక్కులో రాసుకున్నాడు.

1968 ఆగస్టులో చౌడమ్మ కాలేజీకే కబురు పంపింది, వెంటనే రమ్మని. వెళ్లేసరికి ఆమె పది సాళ్ల మొదట్లో నిలబడి ఉంది. ఇరవయ్యో రోజు శుభ్రంగా పెరికిన సాళ్లు. ఇప్పుడు ముప్పై ఒకటో రోజు. శెనక్కాయ ఆకుల నీడలో వందలకొద్దీ గురుగు మొలకలు, రెండేసి ఆకులతో.

"మేం పోయినంక మొలిచినాయి," అంది ఆమె. "మిగతా చేన్లో చూడు, ఇంత లేతది ఒక్కటన్నా ఉండాదా?"

అతను మిగతా చేను అటునుంచి ఇటు నడిచాడు. అక్కడక్కడా తప్ప లేవు. కొత్త వాన ఏదైనా కారణమా అంటే, వాన రెండుచోట్లా ఒకేలా పడింది. పూసే రోజు ముందుకు జరుగుతుందని వాళ్లు కాచుకుని కూర్చుంటే, మొలిచే రోజు వెనక్కి జరిగింది. అలా జరగవచ్చని అతనికి ఒక్కనాడూ తట్టలేదు.

మాగాక రెండుచోట్లా గింజలు తీసి, మరుసటి ఏడాది ఒకే మట్టిలో వేసి చూశాడు. పది సాళ్ల గింజల్లో సగానికి సగం పక్షం రోజులు ఆలస్యంగా మొలిచాయి. మిగతా చేని గింజ నాలుగో రోజుకే లేచింది. కొన్నేళ్ల తర్వాత అచ్చయిన అతని వ్యాసంలో మొదటి వాక్యమే చౌడమ్మ పేరుతో మొదలైంది.

కానీ ఆ ఆగస్టు రోజున ఇదంతా ఇంకా తెలియదు. ఈశ్వరప్ప సాళ్ల మధ్య గొంతుక్కూర్చుని మొలకలు లెక్కపెడుతున్నాడు. గట్టు మీద ఊరికే చూస్తూ నిలబడిన ఓబులేసు చివరికి తలగుడ్డ సర్దుకుంటూ దిగి వచ్చి, అవతలి సాలులో మోకాళ్ల మీద వంగాడు.

"ఈ సాలు నేను లెక్క పెడతా," అన్నాడు. "ఎన్ని ఆకులుంటే మొలకంటారప్పా?"