సాంచ నంబరు రాయని కాగితాలు

శనివారం పొద్దున పది కాకముందే అంబదాస్‌ను మరమగ్గాల షెడ్డు బయట నిలబెట్టారు. అతని చెప్పులు లోపలే ఉండిపోయాయి.

"నీ సాంచలు వేరేటోనికి ఇచ్చినం. ఇంటికి పో," అన్నాడు మేనేజరు హనుమండ్లు.

"నేనేం జేసిన సారూ?"

"నువ్వే చెప్పుకున్నవ్ గదనే. చేతులు వణుకుతున్నయట. సచ్చిపోవాలనిపిస్తుందట. రేపు నడుస్తున్న సాంచల నువ్వు చెయ్యి వెడ్తే కేసు మా సేటు మీదికొస్తది."

హనుమండ్లు చేతిలో ఒక కాగితం ఊగుతోంది. పక్కనే ఉన్న కార్మికుల మనసు బాధలు వినే సలహా కేంద్రానికి పోతున్న లిడియా అక్కడే ఆగిపోయింది. ఆ కాగితం మీది రాత తనదే.

లిడియా కరీంనగర్‌లో ఎమ్మే సైకాలజీ రెండో ఏడు చదువుతోంది. తండ్రి పౌలు పెద్దపల్లి రైసుమిల్లులో హమాలీ. పరీక్షకు కూర్చోవాలంటే ఒక నిపుణుడి పర్యవేక్షణలో రెండు వందల గంటలు జనం మధ్య పనిచేయాలి. అందుకే ఆమెనూ, తోటి విద్యార్థి రంజిత్‌నూ కాలేజీ వాళ్లు ఈ మరమగ్గాల ఊరికి పంపారు. మరమగ్గాన్ని ఇక్కడ సాంచ అంటారు. ఒక్కో కార్మికుడు ఎనిమిదేసి సాంచలు నడుపుతాడు. కేంద్రం పెట్టింది షెడ్ల యజమానులైన సేట్లే. పర్యవేక్షించాల్సిన సారు ఒక్కరోజూ రాలేదు. ఆయన బదులు సంతకం పెట్టేది సేట్ల మనిషి, కేంద్రం ఇన్‌చార్జి భానుప్రసాద్.

చెప్పుకునేవాళ్ల ఆనవాలు తెలిసేలా ఏదీ రాయొద్దని క్లాసులో నేర్పారు. కానీ భానుప్రసాద్ ఇచ్చిన ఫారంలో సాంచ నంబర్లకు ఒక గడి ఉంది. మనిషిని మళ్లీ వెతుక్కుంటూ పోయి పలకరించాలంటే నంబరు ఉండాలి కదా అనుకుని లిడియా శ్రద్ధగా నింపింది. అంబదాస్ కాగితంలో పదిహేడు నుంచి ఇరవై నాలుగు. ఆ నంబర్లు ఎవరివో షెడ్డులో ఎవరినడిగినా చెబుతారు. ఆ కాగితం భానుప్రసాద్ చేతి నుంచి మేనేజరు చేతికి పోయింది. మంచి చేస్తున్నాననే సంతోషంతో చేసిన తప్పు అది. అలాంటి తప్పుల బరువు ఎప్పుడూ అవతలివాళ్ల నెత్తిన పడుతుంది.

మధ్యాహ్నం తిండి వేళకు కార్మికులు షెడ్డు వెనక నీడలో చేరారు. లిడియా వెళ్లి వాళ్ల ముందు నిలబడింది.

"గా కాయితం రాసింది నేనే," అంది.

నూలు కండెలు చుట్టే కమలవ్వ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. "గుండెబరువు దిగుతదని నీకు చెప్పుకున్నం బిడ్డా. నువ్వు తీస్కపోయి సేటు ఒళ్లె పెట్టినవ్."

"సదువుకునే పిల్ల, దానికేం ఎరుక?" అన్నాడు లక్ష్మీరాజం. అంబదాస్ పక్క సాంచల మనిషి.

"ఎరుక లేనిది కుర్సీల ఎందుకు కూసున్నదే?" అంది కమలవ్వ.

కొందరు నవ్వారు. ఆ నవ్వులో ఓపిక లేదు.

"తప్పు నాదే అవ్వా," అంది లిడియా. "కేంద్రం బీరువల ఇంకా నలభై ఒక్క కాయితాలున్నయి. సోమవారం సేటు దగ్గరికి పంపుతనన్నడు భానుప్రసాద్ సారు."

నవ్వులు ఆగిపోయాయి. ఎవరెవరు ఏమేం చెప్పుకున్నారో ఎవరికి వాళ్లు గుర్తుచేసుకుంటున్నారు.

"ఇయ్యకుంటే సార్ సంతకం పెట్టడు," అన్నాడు ఆమె వెనకే వచ్చిన రంజిత్ మెల్లగా. "మా ఏడాది వోతది. మా అవ్వ బీడీలు చుట్టుకుంట నన్ను చదివిస్తుంది."

"మీ అవ్వకు వేళ్లు నొస్తయారా?" అడిగింది కమలవ్వ.

"నొస్తయి."

"గది గూడ రాస్తవా? రాయి. బీడీల సేటు మీ అవ్వకు పని బందువెడ్తడు."



"బీరువ పలగ్గొట్టి అన్నీ చింపేద్దాం," అన్నాడు లక్ష్మీరాజం.

అంతసేపూ గోడకు ఆనుకుని కూర్చున్న అంబదాస్ అప్పుడు నోరు తెరిచాడు. "చింపితే మీరు బతుకుతరు. నేనొక్కన్నే పిచ్చోన్నయిత." అందరి వంకా చూశాడు. "మీల ఎవరు మంచిగ నిద్రవోతుండ్రు? చెప్పుండ్రి."

 లక్ష్మీరాజం తన కుడిచెయ్యి చాపాడు. వేళ్లు వణుకుతున్నాయి. "రెండేండ్ల నుంచి," అన్నాడు. పక్కవాడు చెయ్యి చాపాడు. వాడి పక్కవాడూ చాపాడు.

కమలవ్వ చెంబులో నీళ్లు తెచ్చి లిడియా చేతికిచ్చింది. అది క్షమించడం కాదు. పొద్దటినుంచి ఈ పిల్ల ఏమీ తాగలేదని ఆమె చూసింది, అంతే.

మూడింటికి సాంచలు ఒక్కొక్కటే ఆగాయి. ఆ మోత ఆగితే ఊళ్లో మనుషుల గొంతులు ఇంత పెద్దవా అనిపిస్తుంది. అంబదాస్ ఒక్కడే కాదని చెప్పడానికి షెడ్డు నుంచి కేంద్రం దాకా జనం వరుస కట్టారు. లిడియా బీరువా తెరిచి, నంబరు చూసి ఎవరి కాగితం వాళ్ల చేతికిచ్చింది.

"ఏయ్! అవి మా రికార్డులు!" భానుప్రసాద్ లేచాడు.

"మా బతుకులు సారూ అవి," అన్నాడు లక్ష్మీరాజం. "జర కూసో. నాది గూడ రాసుకో. నిద్ర రాదు, చేతులు వణుకుతయి."

"నాది గూడ."

"నాది గూడ రాయి. అందర్ని ఇంటికి పంపి నువ్వే దిగు సాంచల మీదికి, ప్యాంటు మడిచి!"

హనుమండ్లు వచ్చి వరుస చివరిదాకా చూశాడు. పక్కకు పోయి ఫోను మాట్లాడి తిరిగి వచ్చాడు. "అంబదాస్ సంగతి సోమవారం చూద్దామంటుండు సేటు."

"సోమవారం గాదు, ఇయ్యాల్నే. గాయిన పనిల ఎక్కందాంక ఒక్క సాంచ తిరగది," అంది కమలవ్వ.

భానుప్రసాద్ లిడియా రికార్డు పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చివరి దాకా అడ్డంగా కొట్టేశాడు. "నీ గంటలన్నీ రద్దు. కాయితాలు దొంగిలించినవని పోలీసులకు ఫోన్ చేస్తున్న."

 భుజం మీద బస్తాతో బాపు లిడియా కళ్లముందు కనిపించాడు. ఏమని చెప్పాలి ఆయనకు?  అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడ్డ రంజిత్ ఇంకో కుర్చీ లాక్కొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఫారాలు పక్కకు నెట్టి, ఒక తెల్లకాగితం తీసుకున్నాడు. వరుసలో ముందున్న ముసలామెతో, "పేరొద్దు, నంబరొద్దు. ఏమైతుందో చెప్పవ్వా," అన్నాడు.

కండెలు చుట్టే ఆడవాళ్లు గడపకు అడ్డంగా కూర్చున్నారు.

"టేషన్లకెల్లి పోలీసు జీపు బయలెల్లిందట," బయటి నుంచి ఎవరో అరిచారు.

"రానియ్యి," అంది కమలవ్వ, కాళ్లు చాపుకుంటూ. "వచ్చేదాంక ఇంకో పదిమంది చెప్పుకోవచ్చు."

లిడియా కళ్లు తుడుచుకుని, వరుసలో తర్వాతి మనిషికి కుర్చీ జరిపింది.